ఇంజను ఆపిన దూరం

బిలాస్‌పూర్‌లో మే నెల.
చేతిలో కరపత్రం, మడత దగ్గర చిరిగింది.
గుళ్లు ఏడు, కోటలు నాలుగు, రోజులు మూడు.
మోకాలికి పట్టీ బిగించుకుని వచ్చాను,
యాత్రంటే లెక్క తేలడమే అనుకునే మనిషిని.

నైనా దేవి కొండకి
మెట్లెక్కేవాళ్లు జై అంటూ ఎక్కుతున్నారు,
తీగ మీద ఊగే పెట్టెలో నేను.
క్యూలో నా ముందు పంజాబు కొత్త పెళ్లికూతురు
మోచేతుల దాకా ఎర్రగాజులు,
నిలబడే కునుకు తీస్తోంది మొగుడి వీపుకి ఆని.
వెండి తొడుగులోంచి అమ్మవారి కళ్లు
నన్ను చూశాయో లేదో,
"నడవండి, నడవండి" అన్నాడు పూజారి.
నడిచాను.
బయటికొచ్చి పెన్ను తీసి ఒక టిక్కు పెట్టాను.

తియూన్ కోటలో రాజు లేడు, తలుపూ లేదు.
కూలిన గోడ మీద తేనెపట్టు,
ముళ్లకంపలో దారి చేసుకుంటూ మేకలు.
వాటిని కాసే నిమ్మో అనే పిల్ల
"ఇక్కడ చూడ్డానికేముంది బాబూజీ?" అంది.
కరపత్రం విప్పి చదివి వినిపించాను:
బురుజులు, ధాన్యపు కొట్లు, చెరసాల, యుద్ధాలు.
నోరు తెరుచుకుని విన్నది.
"ఇవన్నీ ఇక్కడే!" అని
మేకల వంక అనుమానంగా చూసింది
అవే తినేశాయేమో అన్నట్టు.

మూడో రోజు బ్రెస్తూ పడవ.
గురువారం పుట్టాడట, అందుకే ఆ పేరు.
మా అమ్మమ్మ నోట్లోని బేస్తవారం
ఇంత దూరం కొండెక్కి వచ్చిందా అని నవ్వొచ్చింది.
"గుళ్లు నీళ్లలోంచి లేచాయి, పద చూపిస్తా.
వానలు పడితే మళ్లీ మునుగుతాయి."

గోవింద్ సాగర్ నడిమధ్య ఇంజను ఆపేశాడు.
చెడిందనుకున్నాను.
తెడ్డు తీసి, గొంతు తగ్గించి
"కింద బజారు" అన్నాడు.
"ఇది మిఠాయి కొట్టు. ఇది దర్జీ సందు.
ఇదిగో, మా తాత పగటి నిద్ర పోయే అరుగు."
తను ఎన్నడూ చూడని ఊరు.
ఆనకట్ట కట్టి నీళ్లు నింపాక పుట్టినవాడు,
నాన్న చెబితే ఎక్కాల్లా వల్లించుకున్నాడు.
ఎటు చూసినా నీళ్లే,
అయినా ఒకచోట పడవని ఎడమకి తిప్పాడు
జాగ్రత్తగా,
వీధి మలుపులో బండి తిప్పినట్టు.

ఒడ్డున ఎండిన బురద
పగిలిన పెంకుల్లా కరకరలాడింది కాలికింద.
మెడ దాకా ఒండ్రులో కూరుకుపోయి గుడి గోపురాలు,
ఒకటి కొంచెం పక్కకి ఒరిగి,
ఎవరో పిలిస్తే తల తిప్పినట్టు.
వాటి మధ్య కుర్రాళ్లు క్రికెట్ ఆడుతున్నారు.
శిఖరానికి తగిలితే నాలుగు పరుగులట.

అక్కడ ఝున్ఫీ దేవిని చూశాను.
హిసార్ నుంచి రెండు బస్సులు మారి
ఏటా ఈ నెల్లో వస్తుందట.
మోకాళ్ల మీద కూర్చుని, చీపురుపుల్లలతో
ఒక రాతి గుంటలోని మట్టి తోడుతోంది.
రోలు.
సీసాలో తెచ్చుకున్న నీళ్లతో కడిగింది.
కొంగు ముడి విప్పి గుప్పెడు మొక్కజొన్నలు పోసి
రాయి తీసుకుని రెండు దెబ్బలు వేసింది,
మూడోది వెయ్యబోయి ఆగి విన్నది.

"గుడికి వెళ్లరా అమ్మా?" అడిగాను,
అడగకుండా ఉండాల్సింది.
"దేవుణ్ణి పైన కొత్త ఊరికి మోసుకెళ్లారు.
దీన్ని బరువని వదిలేశాం.
ఎవరి దగ్గరికి రావాలో నువ్వే చెప్పు."
నా చేతిలో ఇంత నలిగిన గింజల పిండి పెట్టింది.
మట్టి వాసన. నమిలాను.

కరపత్రంలో ఇంకా నాలుగు గళ్లు ఖాళీ.
పెన్ను ఎక్కడ పారేశానో గుర్తులేదు.

తిరుగు దారిలోనూ అక్కడే ఇంజను ఆపాడు,
అదే మలుపు, ఈసారి కుడికి.
నేను కాళ్లు దగ్గరికి తీసుకుని కూర్చున్నాను,
ఎవరి గుమ్మానికో తగులుతాయని.

రేవులో డబ్బు లెక్కపెట్టి కొంత తిరిగిచ్చాడు.
ఎక్కువైంది అన్నాడు.
"తెడ్డు వేసిన దూరానికి తీసుకోను.
అది మా వీధి."